ప్రోలీన్‌తో ఆల్డాల్: నాకు నచ్చేవి, నచ్చనివి

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట అప్పగించేది ప్రోలీన్ ఆల్డాల్ చర్య: ప్రోలీన్ అనే ఎమైనో ఆమ్లాన్ని ఉత్ప్రేరకంగా వాడి, ఒక కీటోన్‌నీ ఒక ఆల్డిహైడ్‌నీ కొత్త కార్బన్ బంధంతో కలపడం. గాలి, చెమ్మ తగలకుండా కాపాడే నైట్రోజన్ వాయువు, బాగా ఆరబెట్టిన ద్రావణి ఏవీ వద్దంటే అనుమానంగా చూస్తారు. డీఎంఎస్ఓ అనే ద్రావణి నాలుగు పాళ్ళు, అసిటోన్ ఒక పాలు, అందులో పారా నైట్రోబెంజాల్డిహైడ్, ఎల్-ప్రోలీన్. గది ఉష్ణోగ్రతలోనే కలియబెడుతూ ఉంటే చాలు.

2000లో రసాయన శాస్త్రవేత్తలు లిస్ట్, లెర్నర్, బార్బాస్ ప్రచురించిన చర్య ఇది. దిగుబడి 68 శాతం, ఈఈ (ఉత్పన్నంలో ఒక ప్రతిబింబ రూపం రెండోదాని కన్నా ఎంత ఎక్కువుందో చెప్పే అంకె) 76 శాతం. అంటే రెండు ప్రతిబింబ రూపాలు 88కి 12 చొప్పున వచ్చాయన్నమాట. ఇప్పుడైతే ఈ అంకె చూసి పెదవి విరుస్తారు గానీ, అదే పేపర్‌లో ఐసోబ్యుటిరాల్డిహైడ్ అనే మరో ఆల్డిహైడ్‌కి 96 శాతం ఈఈ వచ్చింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి మాత్రం అందులో పనిచేయని ఉత్ప్రేరకాలు. ప్రోలీన్‌లోని ఆమ్లం భాగం లేని ఒట్టి పైరోలిడిన్ దాదాపు పనికిరాలేదు. ఆమ్లాన్ని ఎమైడ్‌గా మార్చినా అంతే. వలయంలో ఒక్క కార్బన్ ఎక్కువున్న పిపెకోలిక్ ఆమ్లమూ చేతులెత్తేసింది.

ఎందుకంటే ప్రోలీన్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. దాని ఎమీన్ అసిటోన్‌తో కలిసి, ఒక నీటి అణువును వదిలి, ఇనామైన్ అనే చురుకైన మధ్యస్థ రూపం అవుతుంది. ఈలోగా ఆమ్లం ఆల్డిహైడ్‌లోని ఆక్సిజన్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టుకుని, ఇనామైన్‌కి ఒక వైపుకే తెచ్చి నిలబెడుతుంది. కొత్త బంధం ఆ వైపే ఏర్పడుతుంది. తర్వాత నీరు వచ్చి ప్రోలీన్‌ను విడిపిస్తుంది. చర్యలో నీటికే పాత్ర ఉంటే, చెమ్మ తగలకూడదని టెన్షన్ పడటం దేనికి?

విచిత్రమేమిటంటే ఇదంతా 1970ల మొదట్లోనే కళ్ళ ముందు ఉంది. షేరింగ్ అనే మందుల కంపెనీలో ఎడర్, సావర్, వీషెర్ట్, హాఫ్‌మన్ లా రోష్ అనే మరో మందుల కంపెనీలో హాయోష్, పారిష్ స్టెరాయిడ్లకి కావలసిన ముడిపదార్థాలను ప్రోలీన్‌తోనే చేశారు. దాన్ని మిగతా చర్యలకూ వాడొచ్చని గట్టిగా చూపించడానికి పాతికేళ్ళు దాటింది. 2000లోనే మాక్‌మిలన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో దారిలో, ఇమినియం అనే ధనావేశమున్న మధ్యస్థ రూపం ద్వారా, వలయాలు కట్టే డీల్స్–ఆల్డర్ చర్య చేసి చూపించాడు. లిస్ట్‌కీ ఆయనకీ 2021లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. లోహం లేదు కాబట్టి ఇదంతా పర్యావరణానికి మంచిదే అనేస్తారు. ఇలా చేసిన మందులో లోహపు జాడలు మిగలవన్నది నిజమే. కానీ ఈ చర్యకి 30 మోల్ శాతం ప్రోలీన్ కావాలి: వంద ఆల్డిహైడ్ అణువులకి ముప్పై! మంచి లోహ ఉత్ప్రేరకాలు చాలాచోట్ల ఒక శాతం లోపే సరిపెడతాయి. పైగా ఆ డీఎంఎస్ఓ ఓ పట్టాన వదలదు. నీళ్ళతో కడిగి కడిగి విసుగొస్తుంది. ఉత్ప్రేరకం చవకే, కడిగిన నీళ్ళ సంగతి ఎవరూ లెక్కేయరు.

చేయబోయేవాళ్ళకి ఒక మాట. కైరల్ కాలమ్ (ప్రతిబింబ రూపాలను వేరుచేసే గొట్టం) మీద ఈఈ కొలిచే ముందు, రెండు రూపాలూ సమానంగా ఉన్న నమూనాను పంపి గ్రాఫ్‌లో వాటి రెండు శిఖరాలూ విడిగా వస్తున్నాయో లేదో చూసుకోండి. అవి విడిపోకపోతే ఒకే శిఖరం కనబడుతుంది, ఈఈ వంద శాతమని సంబరపడతారు. వీలైతే ఎల్-ప్రోలీన్‌కి ప్రతిబింబమైన డి-ప్రోలీన్‌తోనూ ఒకసారి చేయండి. ముందు చిన్నగా వచ్చిన శిఖరం ఈసారి పెద్దదవ్వాలి.