ఈక్వల్ గుర్తు మీద ఇంత గొడవేంటి అంటే

టైప్ థియరీ (ప్రతి వస్తువుకీ ఒక టైప్, అంటే రకం, ఉండాలనే లాజిక్ పద్ధతి) మీద నలుగురు కలిసి పుస్తకం రాస్తుంటే థియరమ్‌ల దగ్గర పెద్దగా పేచీ రాదు, ప్రూఫ్ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, అంతే. గొడవంతా గుర్తుల దగ్గరే. మా నోట్స్‌ని పుస్తకం చేద్దామని కూర్చుంటే ముందు తగువు పడింది ఈక్వల్ గుర్తు మీదే.

వినేవాళ్లకి పనిలేని గొడవలా ఉంటుంది గానీ విషయం ఉంది. ఇక్కడ సమానాలు రెండు రకాలు, ఒకటి డెఫినిషన్ విప్పితే దానంతటదే తేలిపోయేది, ఇంకోటి ప్రూఫ్ ఇచ్చుకోవాల్సింది. కూడికని మొదటి సంఖ్య మీద రికర్షన్‌తో డిఫైన్ చేశామనుకోండి, 0 + ఎన్ అంటే ఎన్ అని డెఫినిషనే చెప్పేస్తుంది, ఎన్ + 0 మాత్రం అలా తేలదు, ఇండక్షన్ చేయాల్సిందే. రెండిటికీ ఒకే గుర్తు వేసేస్తే చదివేవాళ్లకి ప్రూఫ్ ఎక్కడ కావాలో ఎక్కడ అక్కర్లేదో తెలిసి చావదు.

సరే, రెండు గుర్తులు పెడదాం, మరి ఏది దేనికి? హోమోటోపీ టైప్ థియరీ (సమానాన్ని ఒక దారిలా, పాత్‌లా చూసే టైప్ థియరీ) మీద 2013లో వచ్చిన పుస్తకంలో ప్రూఫ్ కావాల్సినదానికి =, డెఫినిషన్‌తో తేలేదానికి ≡. ప్రూఫ్‌లు రాసుకునే అగ్డా అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది, డెఫినిషన్ రాసేది = తో, స్టాండర్డ్ లైబ్రరీలో ప్రూఫ్ కావాల్సిన ఈక్వాలిటీ ఏమో ≡. మాలో రోజూ అగ్డా రాసేవాళ్లు ఉన్నారు, ఇంక చూస్కోండి. నా ఓటు మాత్రం ఆ పుస్తకం పద్ధతికే, మ్యాథ్స్‌లో మనం పొద్దస్తమానం రాసే సమానాల్లో చాలావరకు ప్రూఫ్ అడిగేవే కదా, అలవాటైన గుర్తు వాటికే ఉండాలి.

పేర్లూ అంతే. ఇన్‌పుట్‌ని బట్టి అవుట్‌పుట్ టైప్ మారే ఫంక్షన్ల టైప్‌ని, అంటే పై (Π) టైప్‌ని, డిపెండెంట్ ప్రోడక్ట్ అంటారు, కానీ మామూలు ప్రోడక్ట్ అంటే జతలు, ఆ జతల డిపెండెంట్ రూపం (మొదటిదాన్ని బట్టి రెండోదాని టైప్ మారేది) సిగ్మా (Σ) టైప్, దాన్నేమో డిపెండెంట్ సమ్ అంటారు! లాజిక్ లేకపోలేదు, రెండే ఎలిమెంట్లున్న టైప్ మీద పై తీస్తే ప్రోడక్టే వస్తుంది, సిగ్మా తీస్తే సమ్ వస్తుంది. అయినా కొత్తవాళ్లని ఎందుకు ఏడిపించడం, డిపెండెంట్ ఫంక్షన్, డిపెండెంట్ పెయిర్ అనేసుకున్నాం.

ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో 2012-13లో అంతమంది కలిసి ఆ పుస్తకం రాసినప్పుడు గుర్తులకి లేటెక్ (మ్యాథ్స్ టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) మాక్రోలు, అంటే గుర్తుకి బదులు రాసే పేర్లు, పెట్టుకున్నారు, మేమూ అదే రూల్ పెట్టుకున్నాం: గుర్తుని ఎవరూ నేరుగా టైప్ చేయకూడదు, మాక్రో పేరే వాడాలి. రేపు మనసు మారితే ఒక లైన్ మారిస్తే చాలు, కాబట్టి వాదన ఆపి చాప్టర్ రాసుకోవచ్చు.

మాక్రోకి లొంగనిది ఒకటుంది, పాత్‌లని, అంటే సమానాల ప్రూఫ్‌లని, ఒకదాని తర్వాత ఒకటి కలిపే ఆర్డర్. ముందు నడిచే పాత్ ముందు రాయాలని నేను, ఫంక్షన్ కంపోజిషన్‌లాగా కుడి నుంచి ఎడమకి రాయాలని మిగతావాళ్లు. ఇది మారిస్తే గుర్తుతో పాటు చుట్టూ ఉన్న వాక్యాలు కూడా మార్చుకోవాలి. ట్రాన్స్‌పోర్ట్ (పాత్ వెంట ఎలిమెంట్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మోసుకెళ్లడం) లెమ్మా దగ్గర మాత్రం వాళ్ల ఆర్డరే నీట్‌గా వస్తుంది, నా పద్ధతిలో ఈక్వేషన్‌కి అటుపక్క ఆర్డర్ తిరగబడుతుంది. అయినా నేను దిగలేదు, ఇంకా తేలలేదు.