పడితే పడనీ!

"చెయ్యి తియ్! పడితే పడనీ!" అని అరిచాడు పెద్దాయన, నలుగురి ముందు. నేను ఈ దేశం వచ్చి ఏడాదిన్నర. అంతవరకూ ఆయన నోట గట్టి మాట విననేలేదు.

ఆయన ఇంటి వెనక దొడ్లోనే బోట్లు బాగుచేస్తాడు, నేను ఆయన దగ్గరే కూలీకి చేస్తాను. ఆ రోజు పదహారు అడుగుల ఫైబర్ బోటు అడుగున పగులుంటే, దాన్ని బోర్లా తిప్పాలి. తిప్పకుండా కిందికి దూరి చేస్తే గ్రైండర్ దుమ్మంతా కళ్ళలోనే. పూసిన రెజిన్, అంటే గట్టిపడే జిగురు, మొహం మీదికి కారుతుంది. దానితో అతికించిన మ్యాట్, అంటే గాజునార గుడ్డ, ఊడి వేలాడుతుంది.

మన దగ్గరైతే పది మందిని కేకేసి, హైలెస్సా అంటే అయిపోయేది. ఇక్కడ దానికి సగం రోజు సన్నాహం. ఇంజను, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు దించాం. లోపల నిలిచిన నీళ్ళు ఆఖరి మగ్గు దాకా తోడించాడు. కాసిని నీళ్ళకి ఇంత చాదస్తమా అని విసుక్కున్నాను. బోటు వాలగానే ఆ నీళ్ళన్నీ ఒక పక్కకి పరిగెత్తి, బరువంతా ఉన్నపళంగా అటే పడుతుందని తర్వాత తెలిసింది. ఒక అంచు కింద పాత టైర్లు పరిచాం. రెండో అంచుకి బెల్టులు వేసి, గొలుసు లాగి బరువులెత్తే చైన్ బ్లాక్‌కి తగిలించాం. అదే అంచుకి ఇంకో తాడు కట్టి, వెనకున్న స్తంభానికి మూడు చుట్లు తిప్పాం. ఆ తాడు పట్టుకున్నవాడు లాగకూడదు, వదిలేయకూడదు. కొంచెం కొంచెంగా జారనివ్వాలి, అంతే.

ఎత్తుతున్నంతసేపూ బోటు వెనక్కే పడతానంటుంది. నిటారుగా నిలబడి ఇంకాస్త వంగాక మాత్రం మనం నెట్టక్కర్లేదు, తనే అవతలికి పడబోతుంది. సరిగ్గా అప్పుడే కింద టైరు జరిగింది. బోటు నా వైపు ఒరిగింది. నేను వెళ్ళి భుజం ఆనించాను. ఆలోచించి చేసింది కాదు.

ఆ కేకకి అదిరిపడి పక్కకి గెంతాను. తాడు బిగిసి బోటు ఆగింది కానీ, ఒక అంచు నేలకి కొట్టుకుని మూరెడు మేర చెక్కుకుపోయింది. ఆయన దానివైపు చూడను కూడా లేదు. నావైపే చూశాడు, చాలా కోపంగా.

రాత్రి నిద్రపడితే ఒట్టు. నేను చేసిన తప్పేంటి? కళ్ళ ముందు వస్తువు పడిపోతుంటే చూస్తూ నిలబడతామా? అలా నిలబడ్డవాణ్ణి మనలో ఏమంటారో తెలిసిందే. ఆయన సొమ్ము కాపాడబోతే నాకే తిట్లా! వీళ్ళకి మనుషుల కంటే తాళ్ళ మీదే నమ్మకం అనిపించింది. ఫోన్‌లో మా ఆవిడతో అదే మాట అన్నాను. ఆవిడ అంతా విని, "ఎంత బరువుంటుందండీ?" అంది. అన్నీ తీసేశాక కూడా రెండొందల యాభై కిలోలని చెప్పాను. తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

మా బాబాయికి కుడిచేతికి రెండు వేళ్ళు ఉండేవి కావు. ఇలాగే పడవ ఎత్తుతూ పోయాయి. ఆ కథ మా ఇంట్లో ఎప్పుడూ గొప్పగానే చెప్పుకున్నాం. పిల్లలం ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాళ్ళం. అందులో ఆయన నొప్పి గురించి ఒక్క ముక్క విన్నట్టు గుర్తులేదు.

మర్నాడు పెద్దాయన చెక్కుకుపోయిన అంచుని కూడా పగులుతో పాటే తనే అరగదీశాడు. పగులు చుట్టూ ఫైబర్ మందానికి పన్నెండు రెట్ల దూరం దాకా ఏటవాలుగా తీయాలి, అప్పుడే కొత్త మ్యాట్ పట్టుకుంటుంది. అదంతా ఓపిగ్గా చూపించాడు. నా కూలీలో పైసా కోయలేదు. అరిచినందుకు సారీ కూడా చెప్పలేదు. ఆ సంగతి మాత్రం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

రెండు వారాల తర్వాత బోటుని మళ్ళీ వెల్లకిలా తిప్పే రోజున, స్తంభం దగ్గరి తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ ఎవరికీ ఇవ్వడు, అది ఆయన పని. బోటు నిటారుగా నిలబడి అవతలికి ఒరిగింది. చేతులు తాడుని కొంచెం కొంచెంగా వదులుతున్నాయి. భుజం మాత్రం ముందుకే లాగింది.