మంచె నాది, జాగా సర్కారుది

అమెరికాలోని మిషిగన్‌లో జింకల వేటకు లైసెన్సు తీసుకోవడం పెద్ద పనేం కాదు. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి, అది తెచ్చుకున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక జోలికెళ్తే జైలే కాబట్టి, ఊళ్లో నాన్నకు మాత్రం ఇంకా చెప్పలేదు.

సొంత పొలం లేదు, ప్రభుత్వ అడవే దిక్కు. గొప్పలనుకున్నా సరే, మంచెకు చోటు ఎంచుకోవడంలో నాకు వంక పెట్టలేరు. జింకలు తిరిగే చోట కెమెరాలు కట్టి ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లే అందరూ. నేను గాలిని చూశాను. చిత్తడినేలకూ తెల్ల ఓక్ చెట్లకూ మధ్య సన్నటి గట్టు ఉంది. పగలు రెల్లులో పడుకున్న జింకలు పొద్దువాలాక ఓక్ కాయల కోసం దాని మీదుగానే వస్తాయి. అక్కడో చిన్న చెట్టుకు మోకాలెత్తున బెరడు లేచిపోయి ఉంది, పోతు కొమ్ములు రాసిన గుర్తు. కింద పడ్డ పొట్టు ఇంకా తడిగానే ఉంది. అక్కడ ఎక్కువగా పడమటి గాలే కాబట్టి గట్టుకు తూర్పున ఓ చెట్టుకు మంచె కట్టాను. నా వాసన వాటి దారికి పోదు.

ప్రభుత్వ అడవిలో మంచె కోసం చెట్టుకు మేకులు, స్క్రూలు కొట్టకూడదు, పట్టీల్లాంటివే వాడాలి. సెప్టెంబరు 1కి ముందు పెట్టకూడదు. కింద నుంచి కనబడేలా పేరు, అడ్రసు రాయాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేశాను.

అక్టోబరు 1న బాణాల సీజన్ మొదలైంది. తెల్లవారకముందే వెళ్లి టార్చి పైకి వేస్తే, నా మంచెలో ఎవరో పెద్దాయన తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు!

“సార్, ఇది నాది. పేరు కూడా రాసుంది.”

“చదివాను. నోరు తిరగలేదు,” అని మళ్లీ కప్పు ఎత్తాడు.

ఒళ్లు మండిపోయింది. కారు దాకా నడిచి వేట రూల్స్ చూసే అధికారికి ఫోన్ చేశాను. ఆయన విని, ప్రభుత్వ భూమిలో మంచె మీద పేరున్నంత మాత్రాన ఆ చోటు మీద హక్కు రాదన్నాడు. రూల్స్ పుస్తకంలోనే ఉందట, ఉంది కూడా. మరి పేరు దేనికయ్యా? మార్చి 1 లోపు విప్పకపోతే ఫైను ఎవరికెయ్యాలో తెలియడానికేమో! డబ్బు నాది, చెమట నాది, కూర్చునేది ఇంకొకడు. ఇదెక్కడి న్యాయం?

మీరు కొనాలంటే వీపున మోసుకుపోయే రకం మంచె కొనండి, దిగగానే ఇంటికి తెచ్చుకోండి. బరువే, కానీ బీపీ పెరగదు. పడిపోకుండా ఒళ్లంతా పట్టి ఉంచే సేఫ్టీ బెల్టు పెట్టుకోకుండా ఎక్కొద్దు. ఒక్క చెట్టునే నమ్ముకోకుండా ఒక్కో గాలివాటానికి ఒక్కోటి చూసిపెట్టుకోండి. గాలి ఎదురు తిరిగిన రోజు ఎంత మంచి చోటైనా వెళ్లకండి.

నాకిప్పుడు వేరే చెట్లున్నాయి. ఎక్కడని మాత్రం అడక్కండి.