మామయ్య కెమెరా లెన్సు విప్పినప్పుడు

1980 కృష్ణా పుష్కరాలను మా మామయ్య ఈ కెమెరాతోనే తీశారు. జపాన్ తయారీ సూపర్ 8, అంటే చిన్న ఫిల్ము రీలుతో ఇంట్లో సినిమా తీసుకునే కెమెరా. పోయిన నవంబరులో విజయవాడ సత్యనారాయణపురంలోని పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున తోలు సంచిలో దొరికింది. కొత్త బ్యాటరీలు వేయగానే మోటారు తిరిగింది. వ్యూఫైండర్‌లో చూస్తే మాత్రం అంతా పొగమంచు.

టార్చి వెలుగును లెన్సులోకి ఏటవాలుగా వేసి చూశాను. ముందరి గాజు వెనక అంచు నుంచి సాలెపోగుల్లా బూజు (ఫంగస్) పాకింది. దాని మీద పలచని జిడ్డు పొర. మన ఎండలకు మరల్లోని పాత గ్రీజు పలచబడి ఆవిరిగా గాజు మీద చేరుతుంది. బూజుకు కావలసిన చీకటీ, తేమా తోలు సంచి సమకూర్చింది. ముందు ఆ సంచిని వేరే గదిలో పెట్టేశాను.

బీసెంట్ రోడ్డులో అడిగిన చోటల్లా ఫిల్ము కెమెరాలు చూడటం మానేశామన్నారు. చివరకు వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన బిగుసుకున్న మూడు చిన్న మరలను వదులు చేసి ఇచ్చారు. “విప్పే ముందు ప్రతి చోటా గీత పెట్టుకో బాబూ” అన్నారు.

పెట్టాను. కానీ బిగించి ఉన్న స్థితికి మాత్రమే పెట్టాను. ఫోకస్ భాగాన్ని తిప్పుకుంటూ పోతే ఒకచోట మర చుట్లు వదిలి ఊడి వస్తుంది. సరిగ్గా ఆ చోట కూడా గీత ఉండాలి. ఈ మరకు మొదలు, అంటే చుట్టు పట్టుకునే చోటు, ఒకటే కాదు, చుట్టూ ఎన్నో ఉంటాయి. ఏ మొదలుతో పట్టించినా సాఫీగానే ఎక్కుతుంది, దూరం లెక్క మాత్రం తప్పుతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

శుభ్రం చేయడం అనుకున్నంత కష్టం కాలేదు. రబ్బరు బంతితో గాలి ఊది దుమ్ము పోగొట్టాను. దుమ్ము ఉండగా తుడిస్తే గీతలు పడతాయి. మందుల దుకాణంలో కొన్న 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతే స్వేదన జలం కలిపి, లెన్సు కాగితాన్ని తడిపి, నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. గాజును ద్రావణంలో ముంచలేదు. రెండు గాజులను అతికించిన కటకమైతే అతుకులోకి తడి దిగే ప్రమాదం ఉంది. బూజు పోయింది. అది గాజు మీది పలచని పూతను తినేసిన చోట నత్త నడిచినట్టు సన్నని జాడ మిగిలింది. దాన్ని రుద్దలేదు, రుద్దితే మిగిలిన పూత కూడా పోతుంది.

బిగించాక ఫోకస్ ఉంగరాన్ని బాగా దూరపు వాటికి వాడే ‘అనంత దూరం’ గుర్తు దగ్గర పెట్టి డాబా మీది నుంచి కొండను చూశాను. మసక. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మామయ్య కెమెరాను నేనే పాడుచేశానన్న బాధ. మరునాడు ఒక్కో మొదలుతో బిగిస్తూ, ఒక్కోదానికి పెన్సిలుతో అంకె వేస్తూ పోయాను. ప్రతిసారీ ముందు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టే అద్దాన్ని ఖాళీ ఆకాశం వైపు చూస్తూ సరిచేసుకోవాలి. లేకపోతే తప్పు లెన్సుదో, మన కంటిదో తెలియదు. అయిదోసారికి కొండ మీది చెట్లు విడివిడిగా కనిపించాయి. అప్పుడు పెట్టాను ఆ రెండో గీత.

ఆదివారం మామయ్యను సీతానగరం ఒడ్డుకు తీసుకెళ్లాను. జూమ్‌ను చివరిదాకా లాగి, నదికి అవతల ఇంద్రకీలాద్రి వైపు తిప్పి ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు కన్ను తీయలేదు.

“గోపురం అంతస్తులు లెక్కపెట్టవచ్చురా” అన్నారు. 50 అడుగుల రీలు వేస్తే సెకనుకు 18 ఫ్రేములతో 3 నిమిషాల 20 సెకన్లే వస్తుందని గుర్తుచేశాను.

“అప్పుడూ అంతే కదరా. పుష్కరాలు 2028లో కదూ?” అన్నారు, కన్ను తీయకుండానే.