ఆయిల్ తాగే ఇంజిన్, వారంటీ బిల్లు: ఇప్పటిదాకా వచ్చిన దూరం

బండి 250 సీసీ, ఒకే సిలిండర్, ఆయిల్ కూలింగ్. వారంటీ మూడేళ్లు లేదా 30,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కంపెనీ పేరు, షోరూమ్ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా నడుస్తోంది. నేను గుంటూరులో ఉంటాను. సెలవు దొరికితే బండ్లు విప్పి బిగించడమే నా సరదా. ఈ బండికి మాత్రం వారంటీ ఉంది కాబట్టి ఇంజిన్ బోల్టు ఒక్కటి కూడా కదపలేదు. బయటి నుంచి కొలవగలిగినవే కొలిచాను.

14,200 కి.మీ.

సైట్ గ్లాస్‌లో (ఆయిల్ మట్టం చూసే చిన్న కిటికీలో) ఆయిల్ కింది గీత దగ్గరికి వచ్చేసింది. సర్వీస్ అయి ఎంతో కాలం కాలేదు. కింద చుక్క కారిన గుర్తు లేదు, గాస్కెట్ల (ఇంజిన్ భాగాల అతుకుల మధ్య ఉండే పల్చటి పొరల) అంచుల్లో తడి లేదు. హైవే మీద చాలాసేపు వేగంగా వెళ్తే వెనక వచ్చే మిత్రుడికి నీలం పొగ కనిపిస్తోంది. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ కాలుతోందని అర్థం. నీలం పొగ అంటే కాలుతున్నది ఆయిలే.

కొలత ఇలా తీశాను. ఇంజిన్ వేడెక్కాక ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, బండిని నిటారుగా, ఎప్పుడూ ఒకే చోట నిలబెట్టాలి. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజితో పై గీత వరకు ఆయిల్ పోసి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోవాలి. ప్రతిసారీ మీటర్ రీడింగ్, సైట్ గ్లాస్ రెండూ ఒకే ఫొటోలో పడాలి. 500 కిలోమీటర్లకు 180 మి.లీ. పట్టింది. ఈ ఇంజిన్‌లో పట్టేదే లీటరున్నర లోపు. అంటే సర్వీసుకీ సర్వీసుకీ మధ్య పొయ్యకుండా తిరిగితే ఇంజిన్ దాదాపు ఎండిపోతుంది.

ఆ రోజే ఇంకో పని చేశాను. ఇంజిన్ పైభాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టుల మీద ఫ్యాక్టరీలో పెట్టే రంగు గుర్తులను దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకున్నాను. బయట ఎవరో ఇంజిన్ విప్పారనే మాట రేపు వస్తే అవే జవాబు చెప్తాయి.

14,700 కి.మీ.

సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ జాబ్ కార్డు మీద ‘జనరల్ చెకప్’ అని రాయబోయాడు. నేను ఒప్పుకోలేదు. ‘నీలం పొగ, 500 కి.మీ.కి 180 మి.లీ. ఆయిల్ తగ్గుదల’ అని నా మాటల్లోనే రాయించి కాపీ తీసుకున్నాను. ఈ ఒక్క పనికి పేచీ పెట్టాల్సి వచ్చినా పెట్టాలి. రేపు ఎవరి ముందు కూర్చున్నా, ఫిర్యాదు ఏ తేదీన మొదలైందో చెప్పే కాగితం ఇదే.

సాయంత్రం వచ్చిన జవాబు: “కంప్రెషన్ బాగుంది సార్, ఇంజిన్ ఓకే.”

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గ్యాస్ కారిపోకుండా నిలిచే ఒత్తిడి, బాగుందన్నది నిజమే. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్ద మెకానిక్ దగ్గర, ప్లగ్గు రంధ్రం నుంచే లీక్‌డౌన్ పరీక్ష చేయించాను. పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీలో (వాల్వులు మూసుకుని, పిస్టన్ పైకొసకు వచ్చిన చోట) నిలిపి గాలి పంపితే ఎంత శాతం కారిపోతోందో గేజ్ చెప్తుంది. తొమ్మిది శాతం చూపింది, పది లోపు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఈ తరహా ఇంజిన్లకు మామూలు కంప్రెషన్ గేజ్‌ను నమ్ముకోలేం. చాలావాటికి, వాల్వులను తెరిచే క్యామ్ మీదే డీకంప్రెసర్ ఉంటుంది, స్టార్టర్ తిప్పేటప్పుడు అది వాల్వును కాస్త తెరుస్తుంది కాబట్టి రీడింగ్ తక్కువ వస్తుంది.

పిస్టన్‌కు మూడు రింగులు. పై రెండూ ప్రధానంగా గ్యాస్‌ను ఆపుతాయి. మూడోది ఆయిల్ రింగ్, బోర్ (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి భాగం) గోడల మీది ఆయిల్‌ను గీకి కిందికి దింపడమే దాని పని. పై రెండూ బాగుంటే కంప్రెషన్ బాగానే ఉంటుంది, పికప్ తగ్గదు, ఆయిల్ మాత్రం కాలిపోతూనే ఉంటుంది. “తమ్ముడూ, పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమంటోందా?” అని మెకానిక్ అడిగాడు. లేదన్నాను. వాల్వ్ సీళ్లు పోతే రాత్రంతా జారిన ఆయిల్ పొద్దున్నే పొగగా వస్తుంది. ఇక్కడ పొగ వస్తున్నది ఎక్కువసేపు లాగినప్పుడు. కాబట్టి ఆయిల్ రింగ్ మీదే ఇద్దరికీ అనుమానం.

15,300 కి.మీ.

కొలతలు, ఫొటోలు కలిపి ఈమెయిల్ పంపాక ధోరణి మారింది. ఈసారి 23,400 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు: పిస్టన్ కిట్, బ్యారెల్ (సిలిండర్), గాస్కెట్లు, లేబర్. “ఆయిల్ తక్కువతో నడిపారు సార్, అది కస్టమర్ నిర్లక్ష్యం కిందకి వస్తుంది, వారంటీ వర్తించదు” అన్నారు.

నా వాదన అంతా ఈ ఒక్క మాట చుట్టూనే. ఆయిల్ తగ్గినందువల్ల రింగ్ పాడైందా, రింగ్ లోపం వల్ల ఆయిల్ తగ్గిందా? ఆయిల్ కరువైతే ఆ దెబ్బ ఆయిల్ రింగ్ ఒక్కదాని మీదే ఆగదు. ఆయిల్ పంపు నుంచి దూరంగా, ఇంజిన్ పైభాగాన ఉండే క్యామ్ లోబ్‌ల (వాల్వును నొక్కే ఉబ్బెత్తు భాగాల) మీద, అది ఆనుకుని తిరిగే జర్నల్స్ మీద గీతలు పడతాయి, లోబ్ మీది మెరుపు పోయి గరుకు తేలుతుంది. క్యామ్ శుభ్రంగా ఉందంటే ఇంజిన్ ఎండిపోలేదు. అందుకే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టేముందు రెండు షరతులు చేత్తో రాశాను: ఇంజిన్ నా ఎదుటే విప్పాలి, తయారీ లోపం తేలితే ఈ ఖర్చు నాది కాదు.

విప్పిన రోజు

హెడ్ కవర్ తీయగానే క్యామ్ చూశాం. లోబ్‌లు అద్దాల్లా ఉన్నాయి, జర్నల్స్ మీద గోటికి తగిలే గీత ఒక్కటీ లేదు. బోర్‌లో హోనింగ్ గీతలు (ఆయిల్ నిలవడానికి తయారీలోనే గీసే సన్నటి గీతలు) ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పిస్టన్ తీసి ఆయిల్ రింగ్ దగ్గరికి వచ్చేసరికి విషయం బయటపడింది. రెండు పల్చటి చుట్టల (రైల్స్) మధ్య ఉండి వాటిని గోడకు నొక్కే, స్ప్రింగు లాంటి ఎక్స్‌పాండర్ రెండు కొసలూ ఎదురెదురుగా ఆనుకుని ఉండాలి. ఇందులో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అలా ఉంటే రింగ్‌కు గోడ మీద ఒత్తిడి ఉండదు, ఆయిల్ గీకదు. అది ఫ్యాక్టరీలో బిగించినప్పటి తప్పు. రంగు గుర్తులు చెదరలేదు కాబట్టి మధ్యలో ఎవరూ విప్పలేదన్నదీ తేలిపోయింది.

రింగుల సందులు ఒకే వరసలో ఉన్నాయని పక్కనున్న కుర్రాడు చూపించాడు. దాన్ని నేను ఆధారంగా రాసుకోలేదు. ఇంజిన్ నడిచేటప్పుడు రింగులు తిరుగుతాయి, ఆ వరస దేన్నీ రుజువు చేయదు. ఎక్స్‌పాండర్‌ను మాత్రం మీటర్ పక్కన పెట్టి ఫొటో తీశాను, ఎందుకంటే వారంటీలో మార్చిన పాత భాగాలు కంపెనీకే వెళ్లిపోతాయి.

బిల్లు

పిస్టన్, రింగులు ఉచితంగా వేశారు. బ్యారెల్ మార్చాల్సిన అవసరం రాలేదు. అయినా 6,850 రూపాయల బిల్లు చేతికిచ్చారు: లేబర్ 4,900, గాస్కెట్లు 800, ఆయిల్, ఫిల్టర్ 1,150. ఆయిల్, ఫిల్టర్ వాడకంతో అరిగే సామాన్లు, వాటి డబ్బు నేను కట్టడం న్యాయమే. కానీ లోపమున్న రింగ్‌ను చేరాలంటే ఇంజిన్ విప్పక తప్పదు, విప్పితే గాస్కెట్ మార్చక తప్పదు. భాగం ఉచితం, దాన్ని బిగించే కూలి నీదే అంటే ఆ వారంటీకి అర్థమేముంది? 5,700 రూపాయలు నేను ఒప్పుకోని మొత్తం.

బండి వదలాలంటే కట్టాలన్నారు. ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని బిల్లు రెండు కాపీల మీదా రాసి కట్టాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో (నంబరు 1915) ఫిర్యాదు నమోదు చేశాను. కంపెనీ నుంచి సగం తిరిగి ఇస్తామని జవాబు వచ్చింది, ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టాలట. పెట్టలేదు. ఇదే ఇంజిన్ మీద రేపు ఇంకేదైనా తేలితే ఆ కాగితం నా చేతులు కట్టేస్తుంది.

తర్వాతి అడుగు లీగల్ నోటీసు, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, వివాదం తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి. షోరూమ్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే ఒకరు ఇంకొకరి మీదికి నెట్టేస్తారు.

16,100 కి.మీ.

కొత్త రింగులు కుదురుకునేలా మొదట నెమ్మదిగా నడపడం (రన్నింగ్ ఇన్) అయ్యాక పాత పద్ధతిలోనే మళ్లీ కొలిచాను. 500 కిలోమీటర్లకు 15 మి.లీ. పట్టింది, పొగ లేదు. మరమ్మతుకు ముందు, తర్వాత కొలతలు ఒకే పట్టికలో పెట్టి, జాబ్ కార్డు, ఎస్టిమేట్, ఎక్స్‌పాండర్ ఫొటో, బిల్లు జతచేసి నోటీసు పంపాను. జవాబుకు పదిహేను రోజుల గడువిచ్చాను. ఈలోపు ఫిర్యాదు ముసాయిదా తెలుగులోనే రాస్తున్నాను.