ఖాళీ క్లెయిమ్ ఫారంతో మొదలుపెట్టాను

ఇంటికి బీమా ఉన్నవాళ్లు పాలసీ కాగితం ఒకసారైనా చూసి ఉంటారు. క్లెయిమ్ ఫారం మాత్రం నష్టం జరిగాకే చేతికొస్తుంది. నేను ఆ వరస తిరగేశాను. తుఫానుల కాలం ఇంకా దూరంగా ఉండగానే మా ఏజెంటుకు ఫోన్ చేసి, ఖాళీ క్లెయిమ్ ఫారం ఒకటి పంపమన్నాను. "ఏమైంది మేడమ్, ఇంటికేమైనా అయ్యిందా?" అని కంగారు పడ్డాడు. ఏమీ కాలేదు, అందులో ఏమేం అడుగుతారో చూద్దామని అన్నాను. నమ్మినట్టు అనిపించలేదు గానీ, పంపాడు.

ఆ ఫారంలో నన్ను ఆపేసింది ఒక పట్టిక. వస్తువు పేరు, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడు అలాంటిది కొనాలంటే ఎంత, ఋజువు ఏమిటి అని గడులు. చదువుతుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. వాళ్లింట్లోకి వరద నీళ్లు వచ్చిన ఏడాది, నష్టాన్ని లెక్కకట్టడానికి బీమా తరఫున సర్వేయరు వచ్చి ఏమేం పోయాయో రాసివ్వమంటే టీవీ, ఫ్రిజ్, మంచాలు, బీరువా అని రాసి ఇచ్చేసింది. ఆ తర్వాత నెలల తరబడి ఒక్కొక్కటే గుర్తుకొచ్చేది. "అయ్యో, కుట్టుమిషన్ రాయలేదు", "పరుపులు రాయలేదు" అని. ఇల్లు బురదలో ఉండి, ఇంట్లోవాళ్లు వేరేవాళ్ల ఇంట్లో తలదాచుకుంటున్నప్పుడు ఎవరి జ్ఞాపకమైనా అంతే పనిచేస్తుంది. అందుకే సర్వేయరు రేపు అడగబోయే ప్రశ్నలకు ఇవాళే, తీరిగ్గా, వస్తువులు కళ్లెదుట ఉండగానే జవాబులు రాసి పెట్టాలనుకున్నాను. తర్వాత చేసిన పనంతా ఆ పట్టిక చుట్టూనే తిరిగింది.

ముందు పాలసీ చదివాను. మొదటి పేజీలో కాదు, అసలు విషయం మినహాయింపుల్లో ఉంటుంది. నేను వెతికినవి ఇవి: వరద, తుఫాను, భూకంపం మూడూ ఉన్నాయా? గాలికి పైకప్పు ఎగిరి వాన లోపలికి రావడం, కింద నుంచి నీళ్లు పొంగి ఇంట్లోకి రావడం వేర్వేరుగా చూస్తారా? చాలా పాలసీల్లో ఇవి రెండూ ఒకటి కావు. గాలికి డబ్బిచ్చి, వరదకు ఇవ్వని పాలసీలున్నాయి. ఎక్సెస్ ఎంత, అంటే మన జేబులోంచి ముందు భరించాల్సిన భాగం ఎంత? భూకంపం విషయంలో ఇది బీమా మొత్తంలో శాతంగా ఉండొచ్చు. కాలిఫోర్నియాలో భూకంప పాలసీలకు 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. అంత మొత్తం మనదే అని తెలిస్తే చిన్న పగుళ్లకు క్లెయిమ్ రాదని ముందే అర్థమవుతుంది. కవర్ ఎప్పటినుంచి మొదలవుతుందో కూడా చూడాలి. అమెరికా జాతీయ వరద బీమా పథకంలో మామూలుగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది. తుఫాను వస్తోందని వార్తల్లో విని పరుగెత్తితే పాలసీ చేతికొస్తుంది కానీ ఆ తుఫానుకు పనికిరాదు.

ఇక బీమా మొత్తం. ఇక్కడ నేను చాలాసేపు ఆగాను, ఆగాలి కూడా. ఇల్లు అమ్మితే వచ్చే ధర వేరు, కూలిన ఇంటిని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు వేరు. అమ్మకం ధరలో స్థలం విలువ కలిసి ఉంటుంది, స్థలానికి బీమా అక్కర్లేదు. మనకు కావాల్సింది కట్టడం ఖర్చు. అది కూడా పాలసీ తీసుకున్న ఏడాది ఖర్చు కాదు, ఈ ఏడాది ఖర్చు. తక్కువ మొత్తానికి బీమా చేస్తే ప్రీమియం కలిసొస్తుందని అనుకుంటాం. చాలా పాలసీల్లో 'యావరేజ్' అనే నిబంధన ఉంటుంది. ఇల్లు మళ్లీ కట్టడానికి 100 అవుతుందనుకోండి, మీరు 60కే బీమా చేశారు. వరదకు 10 నష్టం జరిగింది. 60 లోపే కదా, 10 మొత్తం వస్తుందనుకుంటాం. రాదు, 6 వస్తుంది. పూర్తి విలువలో ఎంత వంతుకు బీమా చేశామో, నష్టంలోనూ అంత వంతే ఇస్తారు. అన్ని చోట్లా ఇలాగే ఉండదు. భారతదేశంలో 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీలో ఈ కోత లేదు. మీ పాలసీలో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

సామాను విషయంలో రెండు మాటలు వెతకాలి. కొత్తది కొనే ఖర్చు ఇస్తారా, తరుగుదల తీసేసి ఇస్తారా? ఏళ్లనాటి వాషింగ్ మెషిన్ పోతే ఈ రెండింటికీ చాలా తేడా వస్తుంది. నగలు, కళాఖండాలు, ఖరీదైన కెమెరాల్లాంటి వాటికి విడిగా పరిమితులుంటాయి. చాలాసార్లు పేరు పేరునా రాయించి, విలువ కట్టించిన ధ్రువపత్రం జత చేస్తే తప్ప వాటికి కవర్ రాదు.

నాకొచ్చిన సందేహాలన్నీ ఫోన్లో అడగకుండా ఈమెయిల్లో పంపాను. ఏజెంటు ఫోన్ చేసి "అన్నీ కవర్ అవుతాయి మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాటే మెయిల్లో రాయమన్నాను. రాసేటప్పుడు జవాబు కొంచెం మారింది. బయటి నీళ్ల మోటారు, ప్రహరీ గోడ 'అన్నీ'లో లేవు! వాటిని చేర్పించి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో చేసిన మార్పును చూపే కాగితం, తీసుకున్నాం. అదే ఊపులో పాలసీలో తప్పుగా పడిన మా ఇంటి నంబరు కూడా సరిచేయించాం. ఇంటి మీద అప్పుంటే బ్యాంకు పేరు సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్లాలనేది దాని మీద ఆధారపడుతుంది.

తర్వాత వీడియో. ఒక్కో గదికీ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఎడమ గోడ నుంచి చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మానికి వచ్చాను. నడుస్తూనే మాట్లాడాను: ఇది ఫలానా కంపెనీ ఏసీ, ఫలానా ఏడాది కొన్నది, పనిచేస్తోంది అని. మాటలు ఉంటే తర్వాత జాబితా రాయడం చాలా తేలిక. అల్మరాలు, సొరుగులు తెరిచి తీయాలి. మూసిన తలుపుల వీడియో వల్ల ఉపయోగం లేదు. అత్తయ్యకు ఇది అస్సలు నచ్చలేదు. "బీరువా లోపల కూడానా అమ్మాయ్? ఇదంతా ఎవరికి చూపిస్తావ్?" అంది. ఎవరికీ చూపించనని, అవసరం పడితే తప్ప తెరవనని చెప్పి ఒప్పించాను. ఆవిడ అనుమానంలో న్యాయం ఉంది. ఇంట్లో ఏముందో, ఎక్కడుందో చెప్పే వీడియో దొంగ చేతిలో పడితే వాడికి వెతుకులాట తప్పుతుంది. అందుకే ఆ ఫైలును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు.

ఎలక్ట్రానిక్ వస్తువులకు వెనకో, కిందో ఉండే స్టిక్కర్‌ను విడిగా ఫోటో తీశాను. మోడల్, సీరియల్ నంబర్ చదవగలిగేట్టు ఉండాలి. వంటింటి సామాను, బట్టలు, పుస్తకాలు ఒక్కొక్కటి రాస్తే పని తెమలదు, అరల వారీగా ఫోటో తీసి సుమారు సంఖ్య రాశాను. గోడలో బిగించిన అల్మరాలు, వంటింటి గట్టు మామూలుగా కట్టడం కిందికి వస్తాయి, కదిలే బీరువా సామాను కిందికి వస్తుంది. జాబితాలో రెండూ విడివిడిగా పెట్టాను. ఇంటి బయట పైకప్పు, గోడలు, మెట్ల కింద మీటర్ కూడా తీశాను. పడమటి గోడ మీదున్న పాత చెమ్మ మచ్చను దాచలేదు. పాతదేదో కొత్తదేదో తేలాలంటే పాతది ఫోటోలో ఉండాలి. మా ఆయనకు ఇది అనవసరమనిపించింది, నాకు మాత్రం మంచి వాదన చేతిలో ఉన్నట్టే.

బిల్లుల దగ్గర కొంత నిరాశ తప్పలేదు. షాపుల్లో ఇచ్చే పల్చటి రసీదులు చాలామటుకు థర్మల్ కాగితం. వేడికి, వెలుతురుకి, ఒక్కోసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టినా అక్షరాలు చెరిగిపోతాయి. మా దగ్గర జాగ్రత్తగా దాచిన వాటిల్లో కొన్ని తెల్ల కాగితాలై కూర్చున్నాయి. అయినా బిల్లు ఒక్కటే ఋజువు కాదు. ఈమెయిల్లో 'ఆర్డర్', 'ఇన్వాయిస్' అని వెతికితే ఆన్‌లైన్లో కొన్నవి బయటపడ్డాయి. కార్డు స్టేట్‌మెంట్లు, వారంటీ నమోదు మెసేజ్‌లు, సర్వీసుకు వచ్చినవాళ్లు ఇచ్చిన చీటీలు కొన్నిటికి సరిపోయాయి. ఒక షాపువాళ్లు ఫోన్ నంబరు చెబితే పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీసిచ్చారు. ఇవేవీ లేనివాటికి పుట్టినరోజు ఫోటోలు దిక్కయ్యాయి. కేకు కోస్తున్న పిల్లల వెనక టీవీ, సోఫా, గోడ గడియారం స్పష్టంగా ఉన్నాయి, తేదీతో సహా.

ఇంటి కాగితాలను ముఖ్యమైనవి, కానివి అని విడదీయలేదు. పోతే మళ్లీ దొరికేవి, దొరకనివి అని విడదీశాను. గుర్తింపు కార్డులు, మార్కుల జాబితాలు, రిజిస్ట్రేషన్ పత్రాల నకళ్లు ఆలస్యమైనా ఇచ్చే ఆఫీసులున్నాయి. వాటికి స్కాన్, నంబర్లు చాలు. పాత ఉత్తరాలు, నెగటివ్‌లు కూడా లేని ఫోటోలు, చేత్తో రాసుకున్న ఒప్పందాలు మళ్లీ పుట్టవు. ఇంట్లో భద్రమైన చోటు కొంచెమే ఉంటే అది ముందు వీటిది.

ఆ చోటు గురించి కూడా తెలుసుకోవాల్సింది ఉంది. అగ్నిని తట్టుకునే పెట్టె అని అమ్మేవన్నీ ఒకటి కావు. అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం కాగితాల కోసం చేసిన పెట్టెలో లోపలి వేడి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. కాగితం బతుకుతుంది, అదే పెట్టెలో పెట్టిన హార్డ్ డిస్క్ బతకకపోవచ్చు. డిజిటల్ వస్తువులకు చేసిన తరగతిలో ఆ హద్దు సుమారు 52 డిగ్రీలే. నిప్పును తట్టుకునేది నీళ్లను తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు. మేం కాగితాలను జిప్ కవర్లలో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, పై అంతస్తులో ఉంచాం. ఫైళ్లు క్లౌడ్‌లో ఒకటి, వేరే ఊళ్లో ఉండే మా తమ్ముడి దగ్గర పెన్ డ్రైవ్‌లో ఒకటి. పక్కవీధిలో ఉన్న బంధువు దగ్గర పెట్టి లాభం లేదు, మన ఇంట్లోకి వచ్చిన నీళ్లు వాళ్లింట్లోకీ వస్తాయి.

అంతా అయ్యాక మా ఆయనతో ఒక పరీక్ష పెట్టించాను. "నా ఫోన్ పోయిందనుకో. నీ ఫోన్లోంచి ఆ ఫోల్డర్ తెరిచి చూపించు" అన్నాను. పాస్‌వర్డ్ కొట్టాడు. ఓటీపీ నా నంబరుకు వచ్చింది! నా ఫోన్ నీళ్లలో ఉంటే ఆ ఓటీపీ ఎవరికొస్తుంది? చాలా ఖాతాల్లో రెండో తాళం కోసం బ్యాకప్ కోడ్‌లు ముందే ఇస్తారు. అవి ప్రింట్ తీసి ఒకటి డబ్బాలో, ఒకటి తమ్ముడి దగ్గర పెట్టాం. ఫోల్డర్‌ను ఆయన ఖాతాకూ షేర్ చేశాను. ఇంత పనిలోనూ నాకు అన్నిటికంటే విలువైనదనిపించింది ఈ చిన్న పరీక్షే. దాచడం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా తెరవడం మీద పెట్టకపోతే కష్టం.

డబ్బా పైన ఒకే ఒక్క పేజీ పెట్టాను. పాలసీ నంబరు, క్లెయిమ్‌కు ఫోన్ చేయాల్సిన నంబరు, ఎన్నాళ్లలోపు తెలపాలో, ఆ కిందే నష్టం జరిగిన రోజు చేయాల్సినవి. శుభ్రం చేసేముందు ఫోటోలు. నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడ మీది గీతను కొలబద్దతో సహా తీయడం. పాడైన వస్తువులను సర్వేయరు చూసేదాకా పారేయకపోవడం, ఆరోగ్యం కోసం పారేయక తప్పకపోతే ఫోటో, సీరియల్ స్టిక్కర్ ఉంచుకోవడం. అప్పటికప్పుడు చేయించిన రిపేర్లకు బిల్లు. తడిసిన కాగితాల గురించి ఒక వాక్యం: దాదాపు 48 గంటల్లో బూజు మొదలవుతుంది, ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచాలి, తర్వాత నెమ్మదిగా ఆరబెట్టుకోవచ్చు.

ఇప్పుడు కొత్త వస్తువు ఇంటికొస్తే పెట్టె విప్పేటప్పుడే బిల్లు, స్టిక్కర్ ఫోటో తీసి ఫోల్డర్లో వేస్తున్నాం. రెన్యువల్ నెల రాగానే వీడియో మళ్లీ తీసి, కట్టుబడి ఖర్చు పెరిగిందేమో మేస్త్రీని అడిగి బీమా మొత్తం సరిచూస్తున్నాం. అత్తయ్య నగలకు విలువ కట్టించే పని ఇంకా అలాగే ఉంది, "చూద్దాంలే" అంటోంది. అటక మీది పెట్టెలు కూడా తెరవలేదు. జాబితాలో వాటి ఎదురుగా 'అటక, పెట్టెలు, లోపల ఏముందో చూడాలి' అని రాసి వదిలాను.