అంటు కింది చిగురు

పలాస సమీపంలో జీడిమామిడి అంటు మొక్కలు మాత్రమే పెంచే ఒక నర్సరీలో నేను పనిచేస్తున్నాను. పగలు అంట్లు కట్టి, రాత్రి వాటి గురించి రాస్తుంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు తోటలను కూల్చివేసిన తరువాతే, మొక్క తోటగా మారడానికి పట్టే కాలం విలువ నాకు నిజంగా తెలిసివచ్చింది.

జీడి పిక్కను (విత్తనాన్ని) రాత్రంతా నానబెట్టి, తొడిమ వైపు పైకి ఉండేటట్లు సంచిలో నాటుతాము. సుమారు 50, 60 రోజుల మొలక తల తుంచి, కాండాన్ని నడిమికి చీలుస్తాము. బాగా కాసే తల్లిచెట్టు కొమ్మకు వారం పది రోజుల ముందే, కాడలు మిగిల్చి ఆకులు కత్తిరిస్తే, కొన మొగ్గ ఉబ్బి సిద్ధమవుతుంది. ఆ కొమ్మ కొనను పుల్లగా కోసి, దాని అడుగును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, చీలికలో దించి, పాలిథిన్ పట్టీతో బిగిస్తాము. రెండు బెరళ్లు ఒక పక్కనైనా కచ్చితంగా కలవాలి; నా చూపంతా అక్కడే ఉంటుంది.

మా దగ్గర మొక్కలు కొన్న ఒక పెద్దాయన మరుసటి ఏడాది వచ్చి, “బాబూ, పైది ఎండిపోయినా కింద చిగురు ఏపుగా ఉంది” అని సంతోషంగా చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆ చిగురు పిక్క మొక్కది. పరపరాగ సంపర్కం వల్ల, అంటే ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టు పూలకు చేరడం వల్ల, పిక్క మొక్క తల్లిచెట్టులాగే కాస్తుందన్న నమ్మకం లేదు. అంటు కింద వచ్చే చిగుళ్లను వచ్చినవి వచ్చినట్లు గిల్లివేయాలని అప్పటి నుంచి ప్రతి రైతుకూ కాగితం మీద రాసి ఇస్తున్నాను.